మంట తెలియని వేళ్ళు

శౌరయ్యకు అత్తగారంటే గిట్టదు. ఆరోగ్యమ్మకు అల్లుడంటే అంతకన్నా గిట్టదు. ఇది ఊరెరిగిన సంగతి. అయినా ఆ రెండు గదుల ఇంట్లో ఇప్పుడు మిగిలింది వాళ్ళిద్దరే.

మధ్యలో ఒక మనిషి ఉండేది, సిసిలియమ్మ. ఈమెకు కూతురు, అతనికి భార్య. ఒక ఏడు పత్తి తీతల్లో ఆమెకు జ్వరం తగిలింది. గుంటూరు తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఆటోలో కూర్చుని వెళ్ళింది, వచ్చేటప్పుడు అంబులెన్సులో పడుకుని వచ్చింది. ముడి విడిపోతే రెండు తాళ్ళు మిగులుతాయి. అలా మిగిలారు వీళ్ళు. పిల్లలు లేరు. లేకపోవడం అల్లుడి లోపమేనని ఆరోగ్యమ్మ ఏనాడో తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

కూతురు పోయాక ఆమె కొడుకు దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళింది కూడా. కొడుకు తోమా మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. అతని భార్య లిడియా లూథరన్ల పిల్ల. చెడ్డది కాదు. కాకపోతే ఆ ఇంట్లో మరియమాత స్వరూపం ఉండదు, జపమాల చెప్పరు. సాయంత్రం ముసలామె జపమాల పట్టుకుని కూర్చుంటే లిడియా టీవీ సౌండు తగ్గించేది. తగ్గించేదే గాని కట్టేసేది కాదు. జపమాల ఒక నోటితో అయ్యేది కాదు. ఒకరు ముందు సగం చెబితే ఇంకొకరు వెనక సగం అందుకోవాలి. ఆ ఇంట్లో వెనక సగం చెప్పే నోరు లేదని ఆరోగ్యమ్మ సంచి సర్దుకుని బస్సెక్కి వచ్చేసింది. గిట్టని అల్లుడి గడప మళ్ళీ తొక్కింది ఆ వెనక సగం కోసమే.

శౌరయ్య ఆ సగం చెబుతాడు. ఆమె మంచం మీద, అతను గోడకు చేరగిలబడి. భార్య పోయాక అతనికి జపం నోట్లో వరిపొట్టులా తగులుతోంది. అయినా ఏ సాయంత్రమూ మానలేదు. మానాలన్నా మనసులో ఏదో ఒకటి పుట్టాలి కదా. అతనికి ఏమీ పుట్టడం లేదు.

పోయిన వానాకాలం ఆరోగ్యమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి పక్కకు లాగేసింది. ఎడమ కన్ను మూతపడదు, నిద్రలో కూడా తెరుచుకునే ఉంటుంది. నోరు మాత్రం వంకరపోయిందే గాని ఆగలేదు. ఆ కన్ను ఎండిపోతే చూపు పోతుందని, పూట పూటకూ చుక్కలు వేయాలని, రాత్రుళ్ళు రెప్ప లాగి ప్లాస్టరు అంటించాలని నరసరావుపేట డాక్టరు చెప్పాడు.

నీళ్ళు పోయడానికి, బట్ట మార్చడానికి మొదట్లో పక్కింటి మాబూబీ వచ్చేది. అది ఆడమనిషి చేయాల్సిన పని. ఈ వైపు అత్త అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడదు. తలుపు చాటునుంచి మాట్లాడుతుంది, కొంగు నెత్తి మీద ఉంటుంది. బాప్తిస్మం తీసుకుని తరాలు గడిచినా ఈ కట్టుబాటు ఎవరూ వదల్లేదు. ఆరోగ్యమ్మ అల్లుణ్ణి తిట్టిన తిట్లన్నీ తలుపు చాటునుంచి తిట్టినవే.

మిరప కోతలు మొదలయ్యాయి. కోతల్లో ఈ పల్లెల్లో ఇంటి దగ్గర ఆడమనిషి కనపడదు. కర్నూలు నుంచి కూలీలు దిగినా చాలరు. మాబూబీ దాపరికం లేకుండా చెప్పింది, శౌరన్నా, కోతల్లో నన్ను ఆపొద్దు, ఈ కాస్త పనీ పోగొట్టుకుంటే ఏడాదంతా నా పిల్లలు నీ మొహం చూడాలి అని. శౌరయ్య ఊరంతా తిరిగాడు. ఎవరూ దొరకలేదు. తిరిగి వచ్చేసరికి ముసలామె పక్క తడిసి, వాసన గుమ్మం దాకా వచ్చింది.

అతను నీళ్ళు కాచాడు. గిన్నె తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఆరోగ్యమ్మ కాసేపు దూలాల వంక చూసింది. తర్వాత బాగున్న చేత్తో కొంగు లాగి మొహం మీద కప్పుకుంది.

"నా మొహం చూడమాక," అంది కొంగు లోపలి నుంచి. "మిగతాది నీ ఇష్టం."

అలా మొదలైంది. ఆమె మొహం కప్పుకుంటుంది, అతను గోడ వంక చూస్తూ కడుగుతాడు. ఎత్తేముందు పడిపోయిన చేతిని మడిచి పొట్ట మీద పెట్టాలని, లేకపోతే అది నులక పట్టెల్లో ఇరుక్కుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఒకసారి ఇరుక్కుంది, తెలిసింది. గంజి మూతి కుడి పక్కనుంచే పోయాలని, ఎడమ పక్కనుంచి పోస్తే కారిపోతుందని తెలిసింది. అన్నీ అలాగే తెలిశాయి. చేస్తున్నంతసేపూ ఆమె తిడుతూనే ఉంటుంది. నీళ్ళు వేడి. నీళ్ళు చల్లన. నా కూతురుంటే నీ చేతికి పడేదాన్నా. అతను జవాబు చెప్పడు. ఓర్పు అనుకున్నారు చూసినవాళ్ళు. అది ఓర్పు కాదు. తిట్లు లోపల ఎక్కడా తగలడం లేదు.

ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలం మొదట్లో, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు ఈ మాటే చెప్పాడు. అత్తను కడుగుతున్నాను, తినిపిస్తున్నాను, లోపల మాత్రం ఏమీ లేదు ఫాదర్, రాయిని కడిగినట్టుంది అన్నాడు. ప్రేమ లేకుండా చేసేది దేవుడి ముందు పనికొస్తుందా అని అడిగాడు. విచారణ గురువు, అంటే ఆ చర్చి ఫాదర్, కుర్రవాడు.

"రాయిని కడిగినట్టే కడగండి," అన్నాడు జాలీ తెర అవతలి నుంచి. "ప్రేమ మొలిచిందా లేదా అని రోజూ మట్టి తవ్వి చూడకండి. తవ్వితే ఉన్న గింజ కూడా ఎండిపోద్ది. తగ్గించుకుని చెయ్యండి, అంతే. మిగతాది మీ పని కాదు."

ప్రాయశ్చిత్తం ఏమిటని అడిగితే ఇప్పుడు చేస్తున్నదే అన్నాడు. శౌరయ్య బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, ఈయన జన్మలో ఒక్క గింజ నాటాడా అనుకున్నాడు. నాటలేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పక్కన పుట్టి పెరిగిన మనిషి.

శౌరయ్య కౌలుకు చేసేది కాస్త చేను. కోసిన కాయ ఇంటి వెనక కల్లంలో ఆరబోసేవాడు. కూలీలను పెట్టే స్తోమత లేదు కాబట్టి పొద్దున్నించి కాయల మధ్య గొంతుక్కూర్చుని తెల్లబడ్డ తాలుకాయ తనే ఏరేవాడు. రోజంతా చేతులు కారంలోనే.

కారం చేతికి నీళ్ళు మందు కాదు. నీళ్ళు తగిలితే ఇంకా రేగుతుంది. ముందు ఆముదం పట్టించాలి, తర్వాత మజ్జిగ, ఆ తర్వాత సబ్బు. ఇది ఈ చేలల్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు వస్తుంది. ఎంతసేపు కడగాలో చెప్పేది మంట. మంట చల్లారితే చేతులు శుభ్రపడినట్టు. ఇంకో కొలత ఎవరికీ లేదు, అవసరమూ పడలేదు.

ఈ ఏడు శౌరయ్యకు మంట పుట్టలేదు. పైరు కాపుకొచ్చినప్పటి నుంచీ గమనిస్తున్నాడు. కాయ నలిపినా, గింజ చిదిమినా వేళ్ళు ఊరుకుంటున్నాయి. ఇన్నేళ్ళ కారానికి చేతులు కాయకాచాయిలే అనుకున్నాడు. లోపల ఏమీ తగలని మనిషికి చేతులకు తగలకపోవడం వింతగా తోచలేదు. ఆముదం మానేశాడు. మజ్జిగ మానేశాడు. ఒట్టి సబ్బుతో సరిపెట్టసాగాడు. పట్నపు మనిషైతే కారమంటే భయపడి తెల్లవార్లూ కడుక్కునేవాడు. ఇతను మిరప చేలో పుట్టినవాడు. మంట లేదంటే కారం లేదనే అతనికి తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం కల్లం నుంచి వచ్చి సబ్బుతో చేతులు కడిగి, ముసలామెకు గంజి తాగించి, చుక్కల సీసా తీశాడు. ఎడమ కంటి కింది రెప్పను వేలితో కిందికి లాగి, రెండో చేత్తో చుక్క వేశాడు. ఎప్పుడూ చేసే పనే.

ఆమె అరుపుకు వీధిలో కోళ్ళు చెదిరిపోయాయి. శౌరయ్యకు ముందు ఏమీ అర్థం కాలేదు. మందు మారిందేమోనని సీసా చూశాడు. ఆమె ఒంటి చేత్తో కన్ను పట్టుకుని తల కొట్టుకుంటోంది. కన్ను మూద్దామంటే మూతపడదు, నలుపుకుందామంటే ఇంకా రేగుతోంది. కారం పెట్టాడు, కారం పెట్టాడు అని ఒకటే కేక. అప్పుడు అతను తన వేలు తన కంట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక తెలిసింది.

మధ్యాహ్నం కూటికి కోత నుంచి ఇంటికొచ్చిన ఎదురింటి ఎలీసమ్మ పరుగున వచ్చేసరికి కనపడింది ఇది: మంచం మీద ముసలిది కన్ను పట్టుకుని అరుస్తోంది, అల్లుడు పక్కన కొయ్యలా నిలబడి ఉన్నాడు, అతని కన్ను కూడా ఎర్రగా ఉంది. తాగాడనుకుంది ఆమె.

ఊళ్ళో వైద్యం చేసే ఆరెంపీ డాక్టరు బుడే సెలైను సీసా తెచ్చి కన్ను కడిగాడు. చూపు పోలేదన్నాడు. చేతులు తుడుచుకుంటూ శౌరయ్య చూపుడు వేలు పట్టుకుని, ఈ బొబ్బ ఎప్పటిదని అడిగాడు. ఏ బొబ్బ అన్నాడు శౌరయ్య. గంజి గిన్నె కాలి లేచిన బొబ్బ అది, నీరు నిండి ఉంది. బుడే సూదితో ఆ వేలూ ఈ వేలూ పొడిచి చూశాడు. రక్తం చుక్క తీసి మిషను మీద పెట్టాడు. షుగరు అన్నాడు. ఎప్పటి నుంచో ఉందని, వేళ్ళ నరాలు చచ్చాయని, మంట తెలియదని, మనిషి కావాలని చేసింది కాదని అక్కడున్న వాళ్ళకు చెప్పాడు.

వాళ్ళు విన్నారు. కానీ అప్పటికే కథ కుదిరింది. మాట వినని పిల్లలకు, చేనులో దొరికిన దొంగలకు కళ్ళలో కారం కొట్టడం ఈ పల్లెల్లో కొత్త కాదు. నోరున్న అత్త, పెళ్ళాం పోయిన అల్లుడు, చేతినిండా మిరప. ఇక షుగరు ఎవరికి కావాలి? కల్లంలో కూర్చుని చేతులు మండలేదట, ఇనేవాడికి బుర్ర ఉండొద్దా అన్నాడొకడు. నవ్వారు. ఎవరో మార్టూరుకు ఫోన్ చేశారు.

ఆదివారం దాకా శౌరయ్యను మంచం దగ్గరికి రానీయలేదు. ఎలీసమ్మే కోతకు పోయే ముందూ వచ్చాకా చేసేది. చేసింది, ఊరంతా చెప్పుకుంది. చేసినదాని కంటే చెప్పుకున్నదే ఎక్కువ.

చర్చి పనులు చూసే ఉపదేశి ప్రకాష్ వచ్చి వసారాలో కూర్చున్నాడు. పవిత్ర గురువారం చర్చిలో, యేసు శిష్యుల కాళ్ళు కడిగిన గుర్తుగా, ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఆ పన్నెండు మందినీ ఎంచేది ప్రకాష్. ఈ ఏడు శౌరయ్యను కూడా అనుకున్నారు. ప్రకాష్ చాలాసేపు మిరప రేటు గురించి మాట్లాడి, లేవబోతూ, మావా, ఈసారికి నువ్వు వెనక్కి ఉంటే బాగుంటదేమో, నలుగురూ నాలుగు రకాలు అన్నాడు. శౌరయ్య సరే అన్నాడు. అతని కాళ్ళు ఇంకొకరు కడగాలని అతనికేమీ లేదు.

ఒక్కటి మాత్రం ఎవరూ గమనించలేదు. ఆ సాయంత్రాలు కూడా లోపల మంచం మీద ఆరోగ్యమ్మ ముందు సగం మొదలుపెట్టేది. మొదలుపెట్టి ఆగేది. వసారాలోంచి శౌరయ్య వెనక సగం చెప్పేవాడు. మధ్యలో గోడ. ఆమె అతన్ని పిలవలేదు, అతను లోపలికి వెళ్ళలేదు. ఎవరైనా వచ్చి కారం కావాలనే పెట్టాడా అని అడిగితే మాత్రం ఆమె, పెట్టాడు అనేది. అంతవరకే అనేది. కావాలనే అని ఆమె నోటి నుంచి రాలేదు. కాదని కూడా రాలేదు.

తోమా ఈస్టరుకు ముందు వారం, మ్రానికొమ్మల ఆదివారం వచ్చాడు, ఆటో మాట్లాడుకుని. పూజ అప్పుడే అయింది. మట్టలు చేతుల్లో పట్టుకుని చర్చి నుంచి వస్తున్న జనం ఆటో చూసి శౌరయ్య గుమ్మం ముందు ఆగారు. ఇంటికెళ్ళి వండుకోవాల్సిన ఆడవాళ్ళు కూడా ఆగారు.

తోమా మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కు ఏమిటంటే వాళ్ళు ఏ పనికీ అడ్డం రారు, ఏ పనీ నెత్తిన వేసుకోరు. రాయి పొడి పీల్చి పీల్చి అతనికి మాట ముందు దగ్గు వస్తుంది. బావ వంక చూడలేదు. అమ్మను తీసుకెళ్తున్నా అని గోడతో చెప్పాడు. లిడియాతో మాట్లాడావా అని శౌరయ్య అడగలేదు. అడగనక్కర్లేదు, ఆమె రాలేదు. పగలంతా ఇద్దరూ పనికి పోతారు. తలుపు బయట గడియ పెట్టి పోతారు. ముసలామె అలా ఎన్నాళ్ళుంటుందో కల్లంలో కూర్చున్న కాకికి కూడా తెలుసు.

శౌరయ్య చేయాల్సింది ఏమీ లేదు. ఊరికే ఉంటే చాలు. కావాలనే చేశాడని అందరూ ఒప్పుకున్నారు, అతను కాదనకపోతే చాలు. సాయంత్రానికి ఆ మంచం ఎత్తి గోడకు ఆనించవచ్చు. గది ఫినాయిలు పెట్టి కడగవచ్చు. పొద్దెక్కేదాకా పడుకోవచ్చు. ఈ లెక్క అతను ఆటో ఆగిన చప్పుడు వినగానే వేసుకున్నాడు. సిగ్గు వేయలేదు. మనసు తేలిక పడనూ లేదు. పొలంలో ఒక పని అయిపోతే ఇంకో పని ఏమిటని చూసినట్టు చూశాడంతే.

తోమా వంగి తల్లి చంకల కింద చేతులు వేసి, మూట లేపినట్టు లేపాడు.

"ఆ చెయ్యి ముందు మడువు," అన్నాడు శౌరయ్య.

తోమాకు వినపడలేదు. పడిపోయిన చెయ్యి జారి నులకలో ఇరుక్కుంది. అతను పైకి లాగాడు. చెయ్యి కింద ఉండిపోయింది, భుజం మెలి తిరిగింది. ఆ చేతికి నొప్పి తెలుసు, కదలిక లేదు అంతే. నీళ్ళు కాస్త వేడైతే ఏడు తరాలను ఎత్తి తిట్టే మనిషి అప్పుడు నోరు తెరవలేదు. కొడుకు లాగుతుంటే పెదవి బిగపట్టుకుని ఊరుకుంది. మూతపడని కంట్లోంచి నీరు కారుతోంది. అది ఎప్పుడూ కారే నీరేనా, వేరేదా తెలియదు.

శౌరయ్య వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు. నులకలోంచి తీసి, మడిచి, పొట్ట మీద పెట్టాడు.

"దించు," అన్నాడు.

"ఏంది బావా?"

"దించమంటన్నా. ఇక్కడే ఉంటది."

గుమ్మం దగ్గర గుసగుస లేచింది. కళ్ళలో కారం కొట్టినోడి దగ్గర వదిలిపోతావంటరా అని ఎలీసమ్మ అంది. అడుగు తోమా, ఏందో తేల్చుకునిపో అన్నాడు ఇంకొకడు. తోమాకు దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి, జనం వంక చూసి, ఏదో ఒకటి అనక తప్పదన్నట్టు అన్నాడు:

"అట్టయితే అమ్మని క్షమాపణ అడుగు. అందరి ముందూ అడుగు. అప్పుడు చూద్దాం."

షుగరు సంగతి చెప్పవచ్చు. బుడేను పిలిపించవచ్చు. పిలిస్తే వచ్చి సూదితో మళ్ళీ పొడిచి చూపిస్తాడు. కానీ నిజం చెబితే వాదన మొదలవుతుంది. నిజమేనంటాడు ఒకడు, అబద్ధమంటాడు ఒకడు, అది తేలేలోపు ఆటో వెళ్ళిపోతుంది. శౌరయ్య బతుకులో ఎవరినీ క్షమాపణ అడగలేదు. సిసిలియమ్మను కూడా అడగలేదు, ఆమె అడగనివ్వలేదు, ఎప్పుడూ తనే ముందు అడిగేసేది. ఎలా అడుగుతారో అతనికి తెలియదు.

మంచం ఎత్తు తక్కువ. ఎదురుగా నిలబడితే ఆమె మీద పడి మాట్లాడినట్టుంటుంది. అందుకని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మట్టలు పట్టుకున్నవాళ్ళు మెడలు చాచారు.

"అత్తమ్మా," అన్నాడు. "నా చేత్తోనే పడింది. తప్పు నాదే. క్షమించు."

అక్కడితో ఆగిపోయింది. కాసేపటికి అన్నాడు:

"నన్ను చెయ్యనీ."

ఎందుకన్నాడో అతనికి ఇప్పటికీ తెలియదు. ఫాదర్ గారు చెప్పిన మాట గుర్తొచ్చి అన్నది కాదు. సిసిలియమ్మ గుర్తొచ్చి అన్నదీ కాదు. ఆమె మీద జాలి వేసిందనీ అనలేం. ఆ చెయ్యి ఎలా మడవాలో అక్కడున్న వాళ్ళందరిలో తనకు ఒక్కడికే తెలుసు. తెలిసినవాడు ఊరుకుంటే ఎలా అన్నట్టు అన్నాడు.

ఆరోగ్యమ్మ బాగున్న చెయ్యి చాపింది. కొంగు కోసం తడుముకుంది, దొరకలేదు, వదిలేసింది. అతని వంక నేరుగా చూసింది. పెళ్ళి పందిట్లో కూడా అలా చూసి ఉండదు.

"నాకు తెలుసు నువ్వు కావాలని చెయ్యలేదని," అంది. అందరికీ వినపడేలా కాదు. తోమాకు వినపడింది, ప్రకాష్‌కు వినపడింది, చాలు. తర్వాత గొంతు పెంచింది. "ఇక మీదట నా దగ్గరకొచ్చే ముందు ఆ వేలు నీ కంట్లో పెట్టుకో. మండకపోతేనే రా. మండితే పోయి మళ్ళీ కడుక్కో."

వెనకనుంచి ఎవరో నవ్వారు. భలే శిక్ష వేసింది ముసలిది అన్నారు. శౌరయ్య సరే అన్నాడు. అదొక కొలత. మంట చెప్పాల్సిన మాట వేళ్ళు చెప్పలేకపోతే కన్ను చెబుతుంది. ఆ కొలత అతనికి తోచలేదు, ఆమెకు తోచింది.

క్షమించానని మాత్రం ఆమె అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

తోమా ఆటోను ఖాళీగా పంపేశాడు. బావ ఇంట్లో అన్నం తిని, సాయంత్రం బస్సుకు పోయాడు. పోయేటప్పుడు అతని భుజాలు వచ్చినప్పటి కంటే తేలిగ్గా ఉన్నాయి. ఎలీసమ్మ రెండు రోజులు మొహం తిప్పుకుని తిరిగి, మూడో రోజు పెరుగు తోడుకు వచ్చింది. ప్రకాష్ వచ్చి, ఫాదర్ గారితో మాట్లాడతానని, గురువారం నువ్వు కూర్చోవాలని అన్నాడు. ఆ వేళకు ఆమెకు చుక్కలు వేయాలి, కుదరదు అన్నాడు శౌరయ్య. అలిగి అన్నది కాదు. నిజంగానే కుదరదు.

బుడే షుగరు మాత్రలు ఇచ్చాడు. వేళ్ళకు మళ్ళీ స్పర్శ రాదని చెప్పాడు. శౌరయ్య ఆముదం సీసా, మజ్జిగ గిన్నె మళ్ళీ నీళ్ళ గాబు దగ్గర పెట్టుకున్నాడు. కల్లం నుంచి రాగానే ఆముదం, మజ్జిగ, సబ్బు. తర్వాత వేలు కంట్లో. ఎక్కువసార్లు ఏమీ కాదు. ఒక్కోసారి గోటి సందున దాక్కున్న కారం కంట్లో తెలుస్తుంది. అప్పుడు గాబు గట్టు మీద కూర్చుని, నీరు కారడం ఆగేదాకా ఉండి, మళ్ళీ మొదటి నుంచి. దారిన పోయేవాళ్ళు మొదట్లో ఏడుస్తున్నాడనుకునేవారు. భార్య పోయినప్పుడు ఏడవనివాడు ఇప్పుడెందుకు ఏడుస్తాడని వాళ్ళే సర్దుకున్నారు.

ప్రేమ పుట్టిందా అంటే శౌరయ్య తవ్వి చూడలేదు. తిట్లు తగ్గలేదు. నీళ్ళు వేడి, నీళ్ళు చల్లన, గంజిలో ఉప్పు లేదు. ఈస్టరు, పాస్కా పండుగ, వచ్చి పోయింది. మెరక చేలల్లో మిరప మోళ్ళు పీకేస్తున్నారు. కల్లంలో ఆఖరి కాయ మిగిలింది, ఎండకు కరకరలాడుతూ, అన్నిటికంటే ఘాటుగా.

ఒక మధ్యాహ్నం కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడి కన్ను ముట్టుకున్నాడు. మండింది. మామూలు మంట కాదు. గోడ పట్టుకున్నాడు.

"మండిందా?" అంది ఆరోగ్యమ్మ లోపలి నుంచి.

"మండింది."

"ఏ కన్ను?"

"కుడిది."

"రోజూ దాంట్లోనేనా?"

అవునన్నాడు. ముసలామె ఎడమ కన్ను ఎండిపోతోంది, చుక్కల వేళ దాటుతోంది. అది ఆమెకూ తెలుసు.

"రేపట్నించి ఒకరోజు దాంట్లో, ఒకరోజు దీంట్లో పెట్టుకో," అంది. "గుడ్డోడివైతే నాకు చుక్కలెవడేస్తాడు?"

సరే అన్నాడు శౌరయ్య. గాబు దగ్గరికి వెళ్ళి, సీసా మూత తీసి, ఆముదం మళ్ళీ అరచేతిలో వంచుకున్నాడు.